నిద్రపోని ఫోన్

ఏసుబాబును చంపినవాడు తర్వాతి పడవ ఎక్కి తాపీగా దుబాయ్ క్రీక్ దాటిపోయాడు. పడవవాడి చేతిలో దిర్హమ్ బిళ్ల కూడా పెట్టాడట. ఆ విషయంలో నిజాయితీపరుడే.

మిట్టమధ్యాహ్నం, క్రీక్ దాటించే పడవలు ఆగే డేరా అబ్రా స్టేషన్ మెట్ల మీద, గోదావరి నుంచి వచ్చిన ఒక డ్రైవర్ గుండె పట్టుకున్నవాడిలా ఒరిగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు వడదెబ్బ అనుకుని నీళ్లు చల్లారు. మెడ వెనక సూదిపోటు సంగతి పోస్ట్‌మార్టం దాకా ఎవరికీ తెలియలేదు. ఏసుబాబు డ్రైవర్ అన్నది సగం నిజం. మిగతా సగం, అతను మనవాళ్ల కొరియర్.

ఆ సాయంత్రమే మీరా హుస్సేన్ కార్గో ఆఫీసులో బ్రీఫింగ్ జరిగింది. దుబాయ్‌లో మన గూఢచారి విభాగం చీఫ్ ఆయన. ఊళ్లకు దుప్పట్లూ, పాలపొడి డబ్బాలూ పంపే కార్గో షాపు ఆయన కవర్. కడప మనిషి. అట్టపెట్టెకు టేపు వేస్తూనే మాట్లాడతాడు. చప్పుడుకు మాట బయటికి పోదని ఆయన నమ్మకం.

"ఏసుబాబు అబ్రా కాడికి పోతాడన్న మాట మన ఇద్దరి మధ్యనే కదప్పా అనుకునింది? మరి గాలి ఎత్తుకపోయిందా?"

ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ భోజన్న. నిర్మల్ వైపు మనిషి, నలభై దాటినవాడు. డేరాలో మొబైల్ రిపేర్ షాపు అతని కవర్. ఆ మాట అనుకున్నది అతని షాపులోనే. మర్నాడు డిటెక్టర్ పట్టుకుని దొంగ మైకు కోసం షాపంతా వెతికారు. గోడల్లో లేదు, ఫ్యాన్‌లో లేదు, బల్ల కింద లేదు. గోడకు చెవులుంటాయని పెద్దలు చెప్పిన కాలం వేరు. ఇప్పుడు చెవులు జేబులో ఉంటున్నాయి.

మిషన్ ఇదీ. ఈ దేశంలో మామూలు యాప్‌లలో ఇంటికి మాట్లాడదామంటే కాల్ కలవదు. అందుకని ఎవడో ఫ్రీ కాల్ యాప్ అని చెబితే చాలు, కూలీల క్యాంపంతా సాయంత్రానికల్లా దాన్ని ఎక్కించేసుకుంటుంది. వాడెవడు, ఎందుకు ఫ్రీగా ఇస్తున్నాడు అని ఎవరూ అడగరు. పెళ్లాం గొంతు వినబడితే అదే పదివేలు. ఆ బలహీనత కనిపెట్టిన ఒక విదేశీ ముఠా 'ఘర్‌లైన్' అనే యాప్ వదిలింది. పోర్టుల్లో, రాయబార కార్యాలయాల్లో, నేవీ డాక్‌లలో పనిచేసే మనవాళ్ల జేబుల్లోకి మైకులు చేరిపోయాయి.

ఆ యాప్ రాసిన ఇంజనీరు పేరు కౌశిక్. వైజాగ్ కుర్రాడు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఏదో సెన్సర్ల కంపెనీ అనుకుని చేరాడు. తను చేసింది ఏమిటో తెలిసేసరికి పీకల్లోతున మునిగాడు. ఇప్పుడు మనవైపు వచ్చేస్తానంటున్నాడు. యాప్ మొత్తాన్ని ఒక్క దెబ్బతో చంపే కిల్ స్విచ్ వాడి చేతిలోనే ఉంది. కాకపోతే దేశం దాటాకే నొక్కుతానని మొండికేశాడు. డిపార్ట్‌మెంట్‌లో వాడి కోడ్‌నేమ్ 'గాజు సామాను'. జాగ్రత్తగా దాటించాలి. ఏసుబాబు వాడికోసం తెచ్చిన కొత్త పాస్‌పోర్టు కూడా అతనితోనే పోయింది.

భోజన్నకు ఇంకో కవర్ కూడా ఉంది. పద్మజ.

కాకినాడ మనిషి. పెద్ద హోటల్‌లో ఈవెంట్స్ మేనేజర్. నాలుగు భాషలు, పట్టుచీర మీద ఊద్ అత్తరు, మంత్రులు సైతం ఆగి పలకరించే నవ్వు. ఆమె కూడా డిపార్ట్‌మెంట్ ఏజెంటే. ఒంటరి మగాడు అనుమానం తెప్పిస్తాడని పైవాళ్లు ఇద్దరికీ మొగుడూపెళ్లాల వేషం వేసి అల్ రిగ్గాలో ఫ్లాట్‌లో పెట్టారు. ఎవరి పని వారిది, ఇంట్లో డ్యూటీ మాటలు కూడవని భోజన్న మొదటి రోజే రూల్ పెట్టాడు. రూల్ నిలబడింది. మనసు నిలబడలేదు. ఆమె పక్కింటివాళ్ల ముందు "ఏమండీ" అనేది. తలుపు వేశాక కూడా "ఏమండీ" అనేది. వేషానికి తలుపు వెనక ఏం పని? ఆ ఒక్క పిలుపు పట్టుకునే భోజన్న మూడేళ్లు బతికాడు.

ఇంకోటి. అతని ఫోన్‌కు ఆమే ఛార్జింగ్ పెట్టేది. రోజూ. పొద్దున షాపుకు బయల్దేరేవేళకి ఫోన్ నిండుగా, సంచీలో పవర్ బ్యాంక్ నిండుగా. పదో తరగతి తప్పి ఇల్లొదిలినప్పటి నుంచి అతని అన్నం గురించి అడిగినవాళ్లే తక్కువ, ఫోన్ గురించి ఎవరు పట్టించుకుంటారు?

ఏసుబాబు పోయిన వారానికి హోటల్ పని మీద పద్మజ మస్కట్ వెళ్లింది. భోజన్న ఫోన్ తనే నింపుకున్నాడు, పవర్ బ్యాంక్ సంగతి మరిచాడు. మధ్యాహ్నానికే ఫోన్ చచ్చిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఇదే రోగంతో అతని షాపుకు రోజూ జనం వస్తారు. "అన్నా, నాదీ నా రూమ్మేట్‌దీ ఒకే రకం ఫోన్. వాడిది పడుకునేదాకా ఉంటది, నాది లంచ్‌కే ఖలాస్" అని. భోజన్న దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. బేస్‌మెంట్‌లో పనైతే సిగ్నల్ అందక ఫోన్ టవర్ కోసం అరిచి అరిచి అలిసిపోతుంది. ఎండలో ఉంచితే బ్యాటరీ లోపల ఉడుకుతుంది. పాతబడితే పట్టేదే తక్కువ. స్క్రీన్ వెలుగు ఎక్కువైతే అదో ఖర్చు. ఇప్పుడు ఆ జవాబులన్నీ తనకు తనే చెప్పుకున్నాడు. షాపులో సిగ్నల్‌కు లోటు లేదు. ఏసీ ఉంది. స్క్రీన్ సగం వెలుగులోనే ఉంది. బ్యాటరీ తీసి కొత్తది వేశాడు. అదీ మధ్యాహ్నానికే పోయింది.

మీరా హుస్సేన్‌దీ అదే మోడల్, డిపార్ట్‌మెంట్ ఒకే లాట్‌లో కొన్నది. ఆయన ఫోన్ మర్నాడు పొద్దుటిదాకా ఉంటుంది.

భోజన్న షట్టర్ సగం దించి, ఫోన్‌లో బ్యాటరీ పీకి, బెంచీ మీది డీసీ పవర్ సప్లైకి తగిలించాడు. ఫోన్ ఎంత కరెంటు తాగుతోందో దాని మీటరు చూపిస్తుంది. స్క్రీన్ ఆర్పాడు. ముల్లు కిందికి పడిపోయింది. నిద్రపోయే ఫోన్ అంతే తాగాలి. సంతోషపడి, ఏం లేదులే అని పైకే అన్నాడు.

ముల్లు లేచింది.

మాట ఆపాడు. కాసేపటికి ముల్లు పడుకుంది. "అద్దకిలో టమాటా, పావు మిర్చి" అన్నాడు. లేచింది. ఆగాడు. పడింది. మాట వినబడితే మేలుకుని, విన్నదాన్ని ఎక్కడికో మోస్తోంది. క్యాంపు ఫోన్లలో ఘర్‌లైన్ చేసే పనే ఇది. అతని ఫోన్‌లో మాత్రం ఆ యాప్ బొమ్మ కూడా కనబడకుండా దాక్కుంది. దాన్ని అలా ఎక్కించాలంటే ఫోన్ చేతికి రావాలి, లాక్ తెలియాలి. ఆ నంబరు తెలిసిన మనిషి లోకంలో ఇంకొకరే ఉన్నారు.

"పద్మజా" అన్నాడు భోజన్న.

ముల్లు దానికీ లేచింది. ఏసుబాబును చంపిన మాటకు ఎంత లేచి ఉంటుందో ఈ పేరుకీ అంతే లేచింది. యంత్రానికి పక్షపాతం లేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేక కాదు, పట్టుకోవాలంటే ఇల్లు పోతుందని ఆయనకూ భయం. ముల్లు సంగతి విన్న మీరా హుస్సేన్, ఆ ఫోన్ ఇంకెవరి చేతికి వెళ్తుందని అడిగితే, కస్టమర్లు వస్తుంటారు, ఎవడో చేసుంటాడని భోజన్న నసిగాడు. ఆయన టేపు పక్కన పెట్టాడు.

"నా కాడ కాదప్పా దాచేది. ఫోనుకు ఒక అబద్ధం చెప్పు. ఆయమ్మకు ఇంకో అబద్ధం చెప్పు. గాజు సామాను యాడుండాడో ఇద్దురికీ తెలీకూడదు. యాడికి వస్తారో చూద్దాం."

ప్లాన్ బావుంది. ఫోన్ ముందు అబ్రా స్టేషన్ అని చెప్పాలి. పద్మజకు ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో గోడౌన్ అని చెప్పాలి. అసలు కౌశిక్ సోనాపూర్ లేబర్ క్యాంపులో, జనంలో జనంగా ఉంటాడు. శుక్రవారం జుమ్మా నమాజ్ అయ్యాక, కూలీల బస్సులో జారుకుంటాడు.

ఫోన్‌కు చెప్పాల్సింది చెప్పి, భోజన్న దాన్ని కార్గో షాపులో వదిలేశాడు.

శుక్రవారం పొద్దున పద్మజ మస్కట్ నుంచి వచ్చీ రాగానే పెసరట్లు పోసింది. ఫోన్ ఏదని అడిగింది. షాపులో మరిచానన్నాడు. అయ్యో, ఛార్జింగ్ ఉందో లేదో అంది. అతను అట్టు తుంచాడు, నమలలేకపోయాడు. గోడౌన్ అన్న మాట నాలుక చివర ఉంది. మూడేళ్ల కాపురం మొత్తం అబద్ధమే, ఇంకో అబద్ధం కలిస్తే ఏం బరువు? కానీ ఆ ముద్ద లోపలికి పోనట్టే ఈ మాట బయటికి రాలేదు. అబద్ధపు కాపురంలో ఒక్క నిజమన్నా ఉండాలనిపించింది. ఇంత తెలివితక్కువ పని డిపార్ట్‌మెంట్ చరిత్రలో ఎవడూ చేసి ఉండడు.

"గాజు సామాను సోనాపూర్ల ఉన్నడు. నమాజ్ అయినంక బస్సుల తీస్కపోతం."

పద్మజ అట్లకాడ ఆపింది. "నాకెందుకండీ చెప్తున్నారు? ఇంట్లో డ్యూటీ మాటలొద్దని మీరే కదా అన్నారు?"

"ఊకెనే. నీకు చెప్పాలనిపించింది."

ఆమె ఇంకో అట్టు వేసింది. అల్లం ఎక్కువ వేసింది, అతనికి ఇష్టమని.

సోనాపూర్‌లో శుక్రవారమంటే ఫోన్ల పండగ. బియ్యం డబ్బాలకు ఫోన్లు ఆనించి, వీడియోలో ఇంటివాళ్లను కూర్చోబెట్టుకుని, ఇక్కడ వీళ్లు కూర వండుతుంటారు, అక్కడ వాళ్లు ఉప్పు చూసుకోమంటారు. అన్నీ ఘర్‌లైన్ కాల్సే. భోజన్న కూలీల నీలం కవరాల్ వేసుకుని, ముఖానికి సిమెంటు పూసుకుని బ్లాకు నీడలో కూర్చున్నాడు. ఎదురుగా బార్బర్ కుర్చీలో కౌశిక్. కొత్త ఫోటోకు వాడి గడ్డం పోవాలి.

శుక్రవారాలు ఇక్కడ గడ్డాలు గీసేది జిలానీ బాషా. ఇవాళ వేరే మనిషి. జిలానీకి జ్వరం, నన్ను పంపాడని శుద్ధమైన తెలుగులోనే చెప్పాడు. చెయ్యి చూస్తే పనివాడే. నురగ పూశాడు, తల వెనక్కి వాల్చాడు, కత్తి సానబెట్టాడు.

భోజన్నకు ఏదో తక్కువైనట్టు అనిపించింది. చెవికి ఏదో అందలేదు. కత్తి కౌశిక్ గొంతు దగ్గరికి వచ్చేదాకా అదేమిటో తట్టలేదు.

వీడు ఏ ఊరని అడగలేదు.

దుబాయ్‌లో ఇద్దరు తెలుగువాళ్లు ఎదురుపడితే సలాము కన్నా ముందు వచ్చే మాట అది. ఏ ఊరు, ఏ మండలం, ఫలానావాళ్లు తెలుసా. బార్బరైతే ఆ ప్రశ్న అడిగాకే నురగ కలుపుతాడు. అడగలేదంటే అక్కర్లేదన్నమాట. కుర్చీలో ఎవరున్నారో వాడికి ముందే తెలుసు.

భోజన్న కూర్చున్నచోటి నుంచే కుర్చీని కాలితో తన్నాడు. కౌశిక్ వెల్లకిలా పడ్డాడు. గొంతు ఉండాల్సిన చోట కత్తి గాలిని కోసింది. రెండోసారి లేచేలోగా ఆ బార్బర్ మణికట్టు భోజన్న చేతిలో ఉంది. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్నవాళ్లు దూకి, లుంగీతో వాడి చేతులు విరిచి కట్టారు.

సగం ముఖం నురగతోనే కౌశిక్ ల్యాప్‌టాప్ తెరిచాడు. దేశం దాటే దాకా ఆగుతానన్న మొండితనం కత్తి అంచున ఎగిరిపోయింది. వాడు ఒక్క మీట నొక్కాడు.

క్యాంపు మొత్తం ఒక్కసారిగా కాల్స్ తెగిపోయాయి. ఈ బ్లాకులో, ఆ బ్లాకులో, మేడ మీద, మెట్ల మీద "హలో... హలో... వినబడుతోందా?" అంటూ వందల గొంతులు. అప్పటిదాకా బియ్యం డబ్బా మీద నవ్విన పిల్లల ముఖాలు నల్లబడిపోయాయి. దేశం గెలిచింది. వాళ్ల శుక్రవారం పోయింది.

గేటు బయట తెల్లకారు పక్కన పద్మజ నిలబడి ఉంది. నల్లకళ్లద్దాలు, నలగని చీర. పని అయిందో లేదో చూడటానికి వచ్చింది. మీరా హుస్సేన్ మనుషులు కార్గో వ్యాన్ కారుకు అడ్డం పెట్టేశారు. ఆమె పారిపోయే ప్రయత్నం చేయలేదు. భోజన్న ముఖం మీది సిమెంటు చూసి, కళ్లద్దాలు తీసింది.

"నిజం చెప్పారా?" అంది నమ్మలేనట్టు.

భోజన్న చేత్తో ఆ సిమెంటు తుడుచుకున్నాడు.

"మీరు నాకు అబద్ధం చెప్పుంటారనుకున్నాను. నేనే మీ స్థానంలో ఉంటే అదే చేసేదాన్ని. అందుకే నా మనుషులందర్నీ అబ్రా దగ్గరికి పంపించేసి, ఇక్కడికి ఒక్కణ్ణే పంపాను."

అందుకే కౌశిక్ బతికాడు. ఆమె భోజన్నను నమ్మి ఉంటే చచ్చేవాడు.

"ఎన్నడు మారినవ్?"

"మారలేదు. మొదట్నుంచీ వాళ్ల మనిషినే."

"మరి దినాం ఛార్జింగ్ పెట్టుడు?"

"బ్యాటరీ అయిపోతోందని మీకు తెలీకూడదని. మొదట్లో డ్యూటీ." వ్యాన్ తలుపు దాకా నడిచి ఆగింది. "తరవాత అలవాటు."

అలవాటంటే ఏమిటని అడగాలనుకున్నాడు. ఆమె అప్పటికే లోపల కూర్చుంది. తలుపు మూసేముందు, "వెళ్లొస్తాను, భోజన్న గారూ" అంది. ఏమండీ అనలేదు. వేషం తీసేసిన మనిషి అలాగే పిలుస్తుంది కాబోలు.

సాయంత్రం మీరా హుస్సేన్ అతన్ని తిట్టలేదు. గోడౌన్ అని చెప్పమంటే సోనాపూర్ అని ఎందుకు చెప్పావని మాత్రం అడిగాడు. నోరు జారిందన్నాడు భోజన్న. ఆయన ఉత్త పెట్టెకే టేపు వేస్తూ కొత్త అసైన్‌మెంట్ బయటపెట్టాడు. షార్జా. రోలా దగ్గర కిరాణా కొట్టు.

"ఈసారి నీ కవరు, పెండ్లాం పోయినోడివి. పక్కింటోళ్లు అడుగుతారు, కొంచెం దిగులుగా ఉండల్ల. చేయగలవా, ట్రైనింగ్ ఏమన్నా కావల్నా?"

ఆ ట్రైనింగ్ అయ్యే వచ్చాను సార్ అన్నాడు భోజన్న.