మూసేసిన వాల్వ్

ఆవిరి ట్యాంకు పేలి ప్రొఫెసర్ చనిపోయాడని పేపర్లన్నీ రాశాయి. సీక్రెట్ సర్వీస్ చీఫ్ మాత్రం తన ఏజెంటైన ప్రొఫెసర్ తమ్ముడి ముందు ఒక సేఫ్టీ వాల్వ్ పెట్టాడు. దాన్ని ఎవరో వెల్డింగ్ చేసి మూసేశారు.

"ఎండ వేడిని కరిగిన ఉప్పులో నిలవచేసి, రాత్రంతా కరెంటు తీసే డిజైన్ మీ అన్నయ్యది. విదేశీ ముఠా కాపీ కొట్టేసింది. ఇక మన ప్లాంటు, మన మనుషులు మిగలకూడదన్నదే వాళ్ల పన్నాగం. రేపు యూనివర్సిటీలో, అదే ల్యాబ్‌లో, కొత్త ట్యాంకుతో డెమో. పగ పక్కనపెట్టి వెళ్లగలవా?"

"వెళ్లగలను సార్," అని ఏజెంట్ తడుముకోకుండా అబద్ధమాడాడు.

మర్నాడు అతికించిన మీసంతో, నూనె మరకల ఓవరాల్‌తో మెకానిక్‌లా ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. ముఠాలో చేరి తమకు సమాచారం అందిస్తున్న డబుల్ ఏజెంట్ అక్కడే ఉంది. అన్నయ్య దగ్గర డాక్టరేట్ చేసిన అందగత్తె.

"నీళ్లు మరిగాయా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి," అంది నవ్వుతూ. అంటే అంతా క్షేమమని అర్థం.

డెమో మొదలైంది. అతను స్క్రూడ్రైవర్ పిడిలోని స్కానర్‌ని కొత్త వాల్వ్‌కి ఆనించగానే ఎర్ర లైటు వెలిగింది. ఇదీ మూసేశారు. ఈ ట్యాంకు గది ఆమె వేలిముద్రకు తప్ప తెరుచుకోదు, తనకూ ఆమే తెరిచింది. అన్నయ్యను చంపిందెవరో తెలిసిపోయింది. ఎండకు బదులుగా పెట్టిన హీటర్లను ఆపే స్విచ్ నొక్కాడు. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. అద్దం అవతల జనంతో నిండిన హాలు ఖాళీ చేయించే వ్యవధి లేదు.

హ్యాండ్‌బ్యాగ్‌తో మెల్లగా జారుకుంటున్న ఆమెను లాక్కొచ్చి ట్యాంకు పక్క రెయిలింగ్‌కి బేడీలు వేశాడు.

"పాస్‌వర్డ్?"

"నువ్వూ చస్తావ్."

"మా అన్నయ్య పోయిన చోటే కదా. నాకేం ఇబ్బంది లేదు."

ప్రెషర్ ముల్లు పైకి పాకుతోంది. ఆమె చెప్పకపోతే బాగుండునని ఒక్క క్షణం అతని మనసు కోరుకుంది. అద్దం అవతల, మొదటి వరసలో వదిన కూర్చుని ఉంది. చూపు వదిన మీదికే తిప్పి, ఆ కోరికను అణచుకున్నాడు.

ముల్లు ఎర్ర గీతను తాకింది. బేడీలు గుంజుకుంటూ ఆమె అరిచేసింది.

"ప్రొఫెసర్ పెట్టిందే... చిన్నోడు."

అన్నయ్య తనను పిలిచే పేరు. ఆ అక్షరాలు కొట్టాడు. హీటర్లు ఆగాయి, అత్యవసర పైపు తెరుచుకుని ఆవిరి హోరుమంటూ ఆకాశంలోకి లేచింది. ఇదంతా డెమోలో భాగమనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది.

వారం తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. జైలు గదిలో ఉక్క భరించలేకపోతున్నానని ఆమె ఫిర్యాదు చేసిందట.

"ఉష్ణ బదిలీలో డాక్టరేట్ ఉంది కదా సార్," అన్నాడు ఏజెంట్. "ఉపాయమేదో ఆవిడనే ఆలోచించుకోమనండి."