పక్కన పెట్టని ముక్క

"ఆ రాజుని ఇలా ఇచ్చేయండి బాబాయ్."

"నాకొచ్చిన ముక్క నేనెందుకిస్తానమ్మా?"

"పంచేటప్పుడు వెల్లకిలా పడింది. అందరూ చూసేశారు. బదులు ఇంకోటి ఇస్తాను."

బాబాయి ముక్క ఇచ్చేశాడు. స్కూల్లో ఆటల టీచరుగా వాలీబాల్ పోటీలకు విజిల్ ఊదే ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ 'అంపైర్' అనే పిలుస్తారు. ఆదివారం పోకర్‌లో ముక్కలు పంచేదీ, తగువులు తీర్చేదీ ఆమే. కన్నతండ్రికైనా సరే, రూలు రూలే.

ఎప్పుడూ ఆడే డెంటిస్టు గారు ఊరు మారడంతో ఆటలో ఒక కుర్చీ ఖాళీ అయింది. తన కళ్ళజోడు చేసిపెట్టిన షాపు కుర్రాణ్ణి ఆమె తండ్రి, ఆ ఇంటి పెద్దాయన, ఆడటానికి రమ్మన్నాడు. పందెం చొక్కా గుండీలే. కానీ ఒక షరతు ఉంది: ఆట ముగిసేదాకా గుండీలు మిగిలితే కుర్చీ అతనిదే, అయిపోతే ఇవాళ్టితో సెలవు.

కుర్రాడు వచ్చిన కాసేపటికే మనసు పారేసుకున్నాడు. అబ్బ, ఏం చేతులు! ఏం తీర్పు! ఈ ఇంటికి మళ్ళీ రాకపోతే ఎలా బతకడం?

"ముక్కలు చూసుకోండి, నన్ను కాదు," అంది ఆమె.

"అలా రూలుందా?"

"ఇప్పుడే పెట్టాను."

బయట వాన మొదలైంది. బాబాయి సవాలు విసిరాడు. కుర్రాడు ఉన్న గుండీలన్నీ ముందుకు తోసేశాడు. ఇద్దరూ ముక్కలు తెరిచారు. బాబాయిదే పైచేయి. కుర్రాడి దగ్గర రెండు రాణులు. బల్ల మధ్యలో ఇద్దరికీ కలిపి తిప్పే చివరి ముక్క ఒక్కటే మిగిలింది.

ఆమె అతన్ని చూసి చిన్నగా నవ్వి, ముక్క తిప్పింది. ఆఠీన్ రాణి! కుర్రాడికి మూడో రాణి!

"గెలిచాడు!" పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

కుర్రాడు మాత్రం గుండీలు ముట్టుకోలేదు.

"అంపైర్ గారూ... ప్రతిసారీ తిప్పేముందు పేకలో పైముక్క ఒకటి చూడకుండా పక్కన పెట్టాలి కదా. మీరు పెట్టలేదు."

ఆమె పేక వంక చూసింది. నిజమే. పక్కకు పోవాల్సింది ఆ రాణే. దాన్ని పక్కన పెట్టి మరో ముక్క తిప్పింది. కళావర్ రెండు. బాబాయి గెలిచాడు. కుర్రాడు ఓడిపోయాడు, కుర్చీ కూడా పోయింది.

"ఎవరూ చూడలేదు. మీరెలా చూశారు?" అడిగింది మెల్లగా.

"వచ్చినప్పట్నుంచీ మీ చేతులే చూస్తున్నానండీ."

బాబాయి మీసం దువ్వాడు. "ఎన్నడూ తప్పు చెయ్యని దానివి, ఇవాళేమైందే?"

"ఈయన్ని చూస్తూ మర్చిపోయాను బాబాయ్," అంది ఆమె, తీర్పు చెప్పినంత సూటిగా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కుర్రాడు గొడుగు తీసుకుని లేచాడు. ఆమె వంటింట్లోంచి స్టూలు తెచ్చి తన పక్కన వేసింది.

"ఓడినవాళ్ళకి కుర్చీ లేదు. కానీ నా తప్పులు పట్టడానికి ఒకరు కావాలి నాన్నా."

"ఈ ఆదివారానికా?" అడిగాడు పెద్దాయన.

"అన్ని ఆదివారాలకీ."

"మరి మిగతా రోజులకో?" బాబాయి ఊరుకుంటాడా!

పెద్దాయన కొత్త కళ్ళజోడు సర్దుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"దానికి ఇతని అమ్మానాన్నల్ని అడగాలి. గొడుగు అక్కడ పెట్టేసి కూర్చో అబ్బాయ్. వాన ఇప్పట్లో తగ్గదు."