మంగోలియాలో తాళాల గుత్తి

"సూట్‌కేసుకి మూడు తాళాలేంటండీ? లోపల కోహినూర్ ఉందా?"

"ఆవకాయ ఉందండీ."

ఉలాన్‌బాతర్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ బల్ల ముందు ఇష్రత్‌కి నవ్వాలో అరవాలో తెలియలేదు. విజయవాడ నుంచి తను తీసుకొచ్చిన టూరు గ్రూపులో మిగతావాళ్ళంతా వ్యానెక్కి కూర్చున్నారు. ఈ అబ్బాయేమో, పేరు అమన్‌ట, బారెడు గుత్తిలోంచి ఒక్కో తాళంచెవీ తీసి తిప్పి చూస్తున్నాడు.

"అది కాదురా, దాని పక్కది!" అని వెనక నుంచి తల్లి మెహరాజ్ గదమాయింపు.

వన్‌టౌన్‌లో వాళ్ళది తాళాల షాపు. భర్త పోయాక షాపునీ కొడుకునీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి మెహరాజ్. నడుముకి ఆ గుత్తి లేకపోతే ఆవిడకి నిద్రే పట్టదు.

"సారీ అండీ, మీకు లేటవుతోంది" అన్నాడు అమన్.

"నాకేం లేదండీ, మంగోలియా ఎక్కడికీ పోదు" అంది ఇష్రత్. అతను నవ్వాడు. నవ్వితే బాగుంటాడని ఆ కంగారులోనూ గమనించింది, ఏం చేస్తాం!

పైకి మాటలు విసురుతోందిగానీ లోపల ఆమెకి ఒకటే దడ. గ్రూపుని ఒంటరిగా తీసుకురావడం ఇదే మొదలు. పటమటలో తండ్రి ముస్తఫా షరతు పెట్టి మరీ పంపాడు: "ఒక్క కంప్లైంట్ వచ్చిందా, ఉద్యోగం మానేసి, వచ్చిన సంబంధం చేసుకోవాలి." సరేనంది. ఈ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం.

ఊరు దాటాక ఇక మనిషన్నవాడు కనబడలేదు. పచ్చిక, ఆకాశం, గుర్రాలు, మళ్ళీ పచ్చిక. పటమటలో స్కూటర్ పెట్టడానికి జానెడు చోటు దొరకదు. ఇక్కడ దేశానికి దేశమే ఖాళీ.

ఒర్ఖాన్ నది దగ్గర చల్లపల్లి రైతు వెంకటకృష్ణారావు గారు మీసం సవరించుకున్నారు. "బాగానే ఉందిగానీ, మన కృష్ణమ్మ ముందు ఇదెంతమ్మా!" ఎర్దెనె జూ అనే బౌద్ధ మఠం చుట్టూ తెల్ల స్తూపాలు వరుసగా కనిపించేసరికి ఆయన ఇంకా రెచ్చిపోయారు. "స్తూపాలా? మా ఊరి పక్కనే ఘంటసాలలో వీళ్ళకంటే ఎప్పుడో ముందే కట్టాం!"

"మీరే ఇటుకలు మోసినట్టు చెప్తారే" అంది భార్య రామతులసి.

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే మెహరాజ్ మాట ఇష్రత్ చెవిన పడింది. "పిల్ల చురుకైందే తులసిగారూ. కానీ ఇలా దేశాలు పట్టుకు తిరిగితే ఏ అత్త ఒప్పుకుంటుంది?"

ఇష్రత్ వెనక్కి తిరిగింది. అమన్ కూడా విన్నాడు. ఇద్దరూ చెరో గుర్రాన్ని చూస్తున్నట్టు నటించారు.

మర్నాడు మైదానం నడుమ వ్యాను బురదలో కూరుకుపోయింది. ఫోనుకి సిగ్నల్ లేదు. ముందు వాన, వెంటనే వడగళ్ళు. కాస్త దూరంలో గుండ్రటి తెల్ల గుడారం ఒకటుంది. డ్రైవరు అటు చూపించాడు. తీరా వెళ్తే లోపల ఎవరూ లేరు. తలుపు దగ్గరికి వేసి ఉందంతే.

"లోపలికి పదండి" అంది ఇష్రత్.

"యజమాని లేని ఇంట్లోకా?" మెహరాజ్ గుమ్మంలోనే ఆగిపోయింది. "నా షాపులోకి ఇలా ఎవరైనా వస్తే పోలీసులకి అప్పగించనూ!"

"ఇక్కడ బాటసారులు ఇంట్లోకెళ్ళి టీ కాచుకోవచ్చు ఆంటీ. ఇది వాళ్ళ పద్ధతి."

"పద్ధతో గిద్దతో, మమ్మల్ని దొంగల్ని చేస్తావా?" వెంకటకృష్ణారావు గారు గొంతు పెంచారు. "ఊరెళ్ళగానే మీ ఆఫీసుకి కంప్లైంట్ ఇస్తాను!"

కంప్లైంట్! ఇష్రత్‌కి తండ్రి షరతు కళ్ళముందు మెదిలింది. ఈలోగా నిమ్మకాయంత వడగల్లు వచ్చి రామతులసి భుజానికి తగిలింది. అంతే, ఇక ఆలోచించలేదు.

"ఇవ్వండి సార్. మాట వస్తే నా మీదకే రానివ్వండి. ఇప్పుడు మాత్రం అందరూ లోపలికి రావాలి. గడప తొక్కకండి, వాళ్ళకీ మనలాగే పట్టింపు."

మెహరాజ్ గుమ్మానికి అడ్డంగానే నిలబడింది.

"అమ్మీ, ఈవిడ చెప్పారుగా. నేను వెళ్తున్నా" అని అమన్ తల వంచి, గడప దాటి లోపలికి నడిచాడు. తాళాలు అమ్ముకు బతికేవాడు ఆమె మాట మీద వెళ్ళాడు! ఇష్రత్ గుండె నిండిపోయింది.

పొయ్యి వెలిగింది. రామతులసి సంచిలోంచి ఉప్మారవ్వ తీసింది. ఊరికే కూర్చోలేక మెహరాజ్ టీ పెట్టింది. ఉప్మా ఘుమఘుమలాడుతుండగా తలుపు తెరుచుకుంది. తడిసిన కోటుతో ఒక ముసలావిడ. ఇంటావిడ!

అందరూ బిక్కచచ్చిపోయారు. మెహరాజ్ మాత్రం లేచింది. రెండు చేతులతో టీ గిన్నె అందించింది. ఆవిడ గుక్కెడు తాగి, మొహం చిట్లించి, వాళ్ళ అలవాటు ప్రకారం చిటికెడు ఉప్పు వేసుకుని మళ్ళీ తాగింది. ముందు రామతులసి నవ్వింది, తర్వాత ఇల్లంతా నవ్వింది.

"తాళం ఎందుకు వేయలేదో అడగమ్మా" అంది మెహరాజ్.

డ్రైవరు అడిగాడు. అతని ఇంగ్లీషుని ఇష్రత్ తెలుగు చేసింది. "తాళం వేస్తే, వానలో వచ్చినవాళ్ళు ఎక్కడికి పోతారు? పక్కిల్లు చాలా దూరం, అంటోంది."

మెహరాజ్ గుత్తిని నడుము నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

వాన తగ్గాక అందరూ కలిసి వ్యానుని బురదలోంచి బయటికి నెట్టారు. వెళ్ళేటప్పుడు ముసలావిడ క్షేమంగా వెళ్ళమని వ్యాను వెనక పాలు చిలకరించింది. వెంకటకృష్ణారావు గారు రెండు చేతులూ జోడించారు.

సాయంత్రం క్యాంపు బయట అమన్ పక్కకొచ్చి నిలబడ్డాడు. "వచ్చిన దగ్గర్నుంచీ మిమ్మల్నే చూస్తున్నానండీ."

"మంగోలియా కోసం కట్టిన డబ్బులు దండగేగా మరి!"

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఇష్రత్ నవ్వు ఆగిపోయింది. "మీరంటే నాకిష్టమే. కానీ నేనీ ఉద్యోగం మానను. మీ అమ్మగారి మాట మీరూ విన్నారు."

"మానమని నేననను. అమ్మీ ఒప్పుకునేదాకా ఆగుతాను."

గన్నవరం ఎయిర్‌పోర్టులో దిగగానే వెంకటకృష్ణారావు గారు, కూతురి కోసం వచ్చిన ముస్తఫా దగ్గరికి తిన్నగా వెళ్ళారు. ఇష్రత్ సామాన్లు వదిలేసి ఆయన వెనకే పరిగెత్తింది.

"కంప్లైంట్ ఇస్తానన్నానండీ మీ అమ్మాయి మీద. నాదే తప్పు. మమ్మల్నందర్నీ కాచింది. ఇలాంటి పిల్లని కన్నందుకు మీరు మీసం తిప్పాలి సార్!"

ముస్తఫాకి మీసం లేదు. అయినా చెయ్యి అక్కడికే వెళ్ళింది.

శుక్రవారం నమాజు అయ్యాక, మెహరాజ్ కొడుకుని వెంటబెట్టుకుని పటమట వచ్చింది. కూర్చోకుండానే గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి ఇష్రత్ చేతిలో పెట్టింది.

"మా ఇంటి సింహద్వారానిది. ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు, వీడికి కూడా. ఏ దేశం వెళ్ళినా, ఏ వేళకొచ్చినా నువ్వే తలుపు తీసుకుని లోపలికి రా బేటీ. అది నీ ఇల్లు."

"మరి నాకమ్మీ?" అన్నాడు అమన్.

"నువ్వు బెల్లు కొట్టు."

ముస్తఫా వీధివైపు తిరిగి, పక్క పోర్షన్ దాకా వినబడేలా అన్నాడు: "మా ఇష్రత్ టూర్ మేనేజరండీ!"

ఇష్రత్ కళ్ళు తుడుచుకుంది. మెడలో ఐడీ కార్డు తీసి, ఆ తాడుకే తాళంచెవిని కట్టుకుంది.