టార్చ్ నేనే పట్టుకోవాలి

"ఆ సబ్బునీళ్ళ డబ్బా అవతల పెట్టండి. ఇకమీదట దాంతో పనిలేదు."

మా షెడ్డులో కాలుపెట్టిన పది నిమిషాలకే ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. ఎనిమిదేళ్ళుగా గొట్టాల మీద సబ్బునీళ్ళు పూసి, బుడగ లేచిన చోటే లీకని పట్టేస్తున్నవాణ్ణి. నాకే చెప్తుందా? ఒళ్ళు మండిపోయింది.

"మరి లీకు ఎలా పట్టుకుంటారు? జోస్యం చెప్పా?"

"పొగ పెట్టి."

తోపుడుబండి మీద సూట్‌కేసంత పెట్టె, దానికో పొడవాటి గొట్టం. లోపల నూనె వేడెక్కి తెల్లటి పొగ పుడుతుంది. దాన్ని కారు గొట్టాల్లోకి మెల్లగా వదిలితే, వెంట్రుకంత చీలిక ఉన్నా చాలు, అక్కడినుంచి సన్నగా బయటికొచ్చేస్తుంది. అరగంట తిరక్కుండానే, నేను రెండు రోజులుగా వెతుకుతున్న లీకుని నా కళ్ళముందే పట్టేసింది. నోరు మూసుకుని సబ్బునీళ్ళ డబ్బా నేనే అవతల పెట్టాను.

షెడ్డు మా బాబాయ్‌ది. "నెలరోజులు ట్రయల్," అని ముందే చెప్పేశాడు. "మెషీన్ అద్దెది, అమ్మాయి కొత్తది. పని బాగుంటే ఇద్దరూ ఉంటారు. లేదా ఇద్దరూ వెళ్తారు."

నన్ను షెడ్డులో అందరూ పానా అంటారు. చేతిలో పానా లేకుండా నన్నెవరూ చూడలేదు మరి. ఆ అమ్మాయి మొదటిరోజు "పానా గారూ, కాస్త టార్చ్ పట్టుకుంటారా?" అంది. వారానికి గారూ పోయింది, మీరూ పోయింది. "పానా, టార్చ్!" అంతే. పొగ వస్తున్న చోట వెలుగు పడాలి కదా, కారు కింద ఆవిడ పక్కనే పడుకుని టార్చ్ పట్టుకునేవాణ్ణి. ఆ వెలుతురులో ఆవిడ కనుబొమ్మ మీద అంటుకున్న గ్రీజు కూడా అందంగానే కనిపించేది. అంటే నా పని అయిపోయిందన్నమాట.

ఇంకో అలవాటుంది ఆవిడకి. పరీక్ష చేసి బాగుందనుకున్న ప్రతి వస్తువు మీదా పసుపు పెయింటుతో ఒక చుక్క పెడుతుంది. గొట్టమైనా, క్లిప్పయినా, మూతయినా సరే. చుక్క పడిందంటే ఇక దాని జోలికి పోదు.

అంతా బాగుందనుకుంటుండగా తెల్లకారు వచ్చింది. దాంట్లోంచి పళ్ళ డాక్టర్ దిగాడు.

ఇస్త్రీ మడత నలగని చొక్కా. నవ్వితే ముప్ఫైరెండూ లెక్కపెట్టుకోవచ్చు. "ఇంజిన్ లైటు వెలుగుతోందండీ," అని చెప్పడానికి కూడా నవ్వాలా?

ఆవిడ పెట్రోల్ మూత తీసింది, రబ్బరు చుట్టూ గోటితో తడిమింది, చుక్క పెట్టి బెంచీ మీద ఉంచింది. పెట్రోల్ పోసే చోట గొట్టం బిగించి పొగ పెట్టింది. ట్యాంకు పైన పగిలిన గొట్టం దొరికింది. మార్చేసింది. అక్కడితో అయిపోవాలా? లేదు.

"అద్భుతం! ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాడాయన. ఆవిడ చెప్పింది. ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆయన కారులోంచి టూత్ బ్రష్ తెచ్చి, "మా క్లినిక్ తరఫున," అని చేతికిచ్చాడు. టూత్ బ్రష్! మనిషన్నవాడు అమ్మాయికి టూత్ బ్రష్ ఇస్తాడా? దానికి ఆవిడ "థాంక్యూ సార్, నీలం రంగంటే నాకిష్టం," అంటుందా?

నేను అప్పుడు పక్కనున్న ఎర్రకారు పనిలో ఉన్నాను. అది లెక్కల టీచరమ్మది, తెల్లకారు మోడలే. పెట్రోల్ ఫిల్టర్ మార్చడానికి ఆ కారు పెట్రోల్ మూత కూడా తీసి బెంచీ మీదే పెట్టాను. కానీ నాకు పని మీద ధ్యాస ఏడ్చిందా? గబగబా వెళ్ళి మూత తీసుకుని, తెల్లకారుకి బిగించేసి, తాళాలు డాక్టర్ చేతిలో పెట్టాను.

"అయిపోయింది డాక్టర్ గారూ. పేషెంట్లు ఎదురుచూస్తుంటారు."

ఆయన వెళ్ళాడు. తొమ్మిది రోజులకి మళ్ళీ వచ్చాడు. ఇంజిన్ లైటు మళ్ళీ వెలుగుతోందట.

పొగ పెట్టేటప్పుడు గాలి ఆడకూడదు. ఫ్యాన్ ఆపాలి, షట్టర్ సగానికి దించాలి. సరే, దించాం. సగం దించిన షట్టర్ వెనకాల ఆవిడా, నేనూ, నడుమ ఈయన! నేను మూత తీసి జేబులో వేసుకున్నాను, ఆవిడ గొట్టం బిగించింది. ఎంతసేపు చూసినా ఎక్కడా పొగ రాలేదు.

"నేను టార్చ్ పట్టుకోనా?" అన్నాడు డాక్టర్.

"వద్దు సార్. అది మా పానా పని."

పుండు మీద కారం చల్లినట్టయింది. అంటే ఆయన ముందు నేను టార్చ్ పట్టుకునేవాణ్ణా?

వారం తర్వాత మూడోసారి వచ్చాడు. మళ్ళీ అదే తంతు. మూత నా జేబులోకి, గొట్టం, పొగ. చివరికి ఏమీ దొరకలేదు. ఆయన వెళ్ళాక బాబాయ్ పెదవి విరిచాడు.

"అమ్మాయ్, ఒక్క కారు మూడుసార్లు వస్తే షెడ్డు పరువేం కావాలి? ఇంకోసారి వచ్చిందంటే మెషీన్ వెనక్కి పంపేస్తా. నువ్వూ వేరే చోటు చూసుకోవాల్సిందే."

ఆవిడ పాత టైరు మీద కూలబడి ఆ కారు పరీక్షల కాగితాలన్నీ మళ్ళీ మొదటినుంచి చదువుకుంటోంది. అది చూసి ఊరుకోవచ్చుగా నేను? ఊరుకుంటే నేనెందుకవుతాను?

"నీ తప్పేం లేదు. ఆయనే కావాలని ఏదో చేసుకొస్తున్నాడు. నిన్ను చూడ్డానికి."

ఆవిడ తలెత్తింది. "నా ఉద్యోగం పోయేలా ఉంటే నీకు తోచింది ఇదా?"

"కళ్ళముందు కనిపిస్తుంటే..."

"నీకు కనిపించేదల్లా నీ కుళ్ళే. ఇక నాతో మాట్లాడకు."

నిజంగానే మాట్లాడలేదు. మర్నాడు పొగ పెట్టేటప్పుడు పిలుస్తుందేమోనని అటే తిరుగుతున్నాను. పిలవలేదు. తన పానాల పెట్టెలోంచి తలకి కట్టుకునే లైటు తీసి, నుదుటికి బిగించుకుని, కారు కిందకి ఒక్కతే దూరిపోయింది. అంటే నా అవసరమే లేదు.

రెండోరోజు ముసురు పట్టింది. రేకుల మీద వాన హోరులో లెక్కల టీచరమ్మ ఎర్రకారు వచ్చింది.

"నీ చేతి చలవ బాబూ!" అంది టీచరమ్మ. "రెండేళ్ళుగా ఉన్న పెట్రోల్ వాసన నువ్వు ఫిల్టర్ మార్చినప్పటినుంచి లేదు. మూత కూడా కొత్తది వేశావుగా, చెప్పనేలేదు."

"మూతా? నేనేం మార్చలేదే టీచర్!"

వెళ్ళి చూశాను. నల్లటి మూత. దాని మీద పసుపు చుక్క.

డాక్టర్‌ని త్వరగా తరిమేద్దామన్న తొందరలో టీచరమ్మ పాత మూత ఆయన కారుకి పెట్టేశాను. పరీక్ష చేసినప్పుడల్లా ఆ మూత నా జేబులోనే ఉంటే లీకు ఎక్కడ కనిపిస్తుంది? మూత బాగుందని ఆవిడ మొదటిరోజే చుక్క పెట్టుకుంది, నా చేతిని నమ్మింది. ఆయన్ని మళ్ళీ మళ్ళీ రప్పించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ నేనే!

అప్పుడే బయట హారన్ మోగింది. తెల్లకారు. నాలుగోసారి.

బాబాయ్ ఆ కారుని చూడగానే ఫోన్ తీశాడు. "రేపు వచ్చి మీ మెషీన్ పట్టుకుపోండి. అవును, అమ్మాయి కూడా..."

ఆవిడ తన పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకుంటోంది.

గుట్టుచప్పుడు కాకుండా మూతలు మార్చేయడం నాకు అరనిమిషం పని. కారు బాగుపడుతుంది, నా పరువు నిలుస్తుంది. ఆవిడ మాత్రం మూడుసార్లు ఓడిపోయానన్న మాట మోసుకుని వెళ్ళిపోతుంది.

"బాబాయ్, ఫోన్ పెట్టెయ్!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ వైపు తిరిగాను. "ఒక్కసారి ఇంజిన్ వైపు గొట్టం విప్పి పొగ పెట్టు. మూత తీయకుండా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఫ్యాన్ ఆపింది, నేను షట్టర్ దించాను. నిమిషం గడిచింది. పెట్రోల్ మూత చుట్టూ తెల్లటి పొగ మెల్లగా పైకి లేచింది. చూస్తుండగానే దట్టమైంది.

"మూతా? దాన్ని నేను చూశానే!" అందావిడ. వంగి చూసింది. "చుక్కేదీ?"

ఎర్రకారు మూత తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఎవడు మార్చాడు?" అన్నాడు బాబాయ్.

"నేనే. మొదటిరోజే."

"ఎనిమిదేళ్ళనుంచి చేస్తున్నావు, మూత గుర్తుపట్టలేవా? కళ్ళెక్కడ పెట్టుకున్నావురా?"

"డాక్టర్ గారి మీద."

ఇక దాచి ఏం లాభం?

"ఆయన ఈ అమ్మాయితో నవ్వుతూ మాట్లాడుతుంటే చూడలేకపోయాను బాబాయ్. త్వరగా పంపేద్దామని చేతికందింది బిగించేశాను. తప్పు నాది, ఈవిడది కాదు. ఎవరైనా వెళ్ళాలంటే నేను వెళ్తాను. నాకీ అమ్మాయంటే ప్రాణం."

"ఆ ముక్క నాకు చెప్తావేంట్రా?" అన్నాడు బాబాయ్. "పక్కనే ఉందిగా!"

డాక్టర్ గొంతు సవరించుకున్నాడు. ఈసారి నవ్వలేదు. "నిజం చెప్పాలంటే, మొదట కారు కోసమే వచ్చాను. వస్తూ పోతూ ఉంటే ఈవిడ మీద ఇష్టం కలిగింది. ఈరోజు కాఫీకి పిలుద్దామనుకున్నాను." నా వైపు తిరిగాడు. "ఇన్నిసార్లు రప్పించింది మీరేనన్నమాట."

చేజేతులా పెంచి పోషించానన్నమాట ఈయన ప్రేమని!

"సారీ డాక్టర్ గారూ," అంది ఆవిడ మెల్లగా. "కాఫీకి రాలేను."

ఎందుకని ఆయన అడగలేదు, చాలా మర్యాదస్తుడు. పసుపు చుక్క మూత బిగించుకుని వానలో వెళ్ళిపోయాడు. బాబాయ్ మెషీన్ వాళ్ళకి మళ్ళీ ఫోన్ చేసి, "మెషీన్ ఇక్కడే ఉంటుంది. అమ్మాయి కూడా," అని చెప్పి, టీచరమ్మ కారుకి కొత్త మూత తెస్తానంటూ గొడుగు పట్టుకుని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "వాణ్ణి నాలుగు తిట్టమ్మా, నా తరఫున కూడా," అన్నాడు.

తిట్టింది. నాలుగు కాదు, నలభై.

"నా మీద నాకే నమ్మకం పోయింది, తెలుసా? పని రాదేమోనని ఏడ్చాను."

"తెలుసు. నన్ను క్షమించకపోయినా పర్లేదు. వెళ్ళిపోకు."

ఆవిడ సర్దుకున్న పానాలన్నీ మళ్ళీ బయటికి తీయడం మొదలుపెట్టింది. అడుగున తలకి కట్టుకునే లైటు కనిపించింది. పట్టీ అరిగిపోయి ఉంది. కొత్తగా కొన్నది కాదు.

"ఇది ఎప్పట్నుంచీ ఉంది నీ దగ్గర?"

"చేరకముందు నుంచీ."

"మరి రోజూ నన్నెందుకు టార్చ్ పట్టుకోమనేదానివి?"

చేస్తున్న పని ఆపి నా వంక చూసింది. అంతసేపూ కోపంగా ఉన్న మొహం ఎర్రబడింది.

"నెలరోజులు పట్టిందా నీకు ఈ మాట అడగడానికి?"

వాన తగ్గింది, షట్టర్ కింద నుంచి వెలుతురు వస్తోంది. టీచరమ్మ కారు లోపల ఇంకా చూడాల్సింది ఉంది. ఆవిడ లైటుని పెట్టె అడుగున పెట్టి, దాని మీద గుడ్డలు కప్పేసి, కారు కిందకి దూరింది.

"పానా, టార్చ్!"

పరిగెత్తాను.