తాడు చివర ఆగినవాడు

"హార్లో ఈ జిల్లా దాటేలోగా చంపేస్తారు." చెవికమ్మలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ మోహనకృష్ణ గొంతు. "ఎటాక్ సాయంత్రం, ఎచ్చెర్ల క్యాంపస్ హాల్లో. సెలీనా కన్ఫర్మ్ చేసింది. టీమంతా అక్కడే ఉంది. ఇప్పుడతను చూడ్డానికొచ్చే బీచ్‌కి నువ్వొక్కదానివి చాలు."

నెత్తిన చేపల గంపతో ఏజెంట్ అనూరాధ కళింగపట్నం ఒడ్డుకు చేరింది. మత్స్యకారుల ఇంట పుట్టిన మనిషికి ఆ వేషం కొత్త కాదు.

హార్లో ఒక పాత సామ్రాజ్యపు ముసలి మంత్రి. ఆ దేశం చేతిలో మిగిలిన దీవులు తిరగబడ్డాయి. సైన్యం వద్దు, వాళ్ల హక్కులు వాళ్లకిచ్చి సంధి చేసుకుందామని అతని వాదన. అందుకే ఇండియా వచ్చాడు, రేపే ఇక్కడ సంతకాలు. సంధి కుదిరితే, రెండు వైపులా తుపాకులమ్మే ముఠాకు గిరాకీ ఉండదు. ఆ ముఠాలో ఉంటూ ఇండియాకు రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్ సెలీనా. దీవుల పిల్ల, చూపు తిప్పుకోలేని అందం. విశాఖలో చదివి తెలుగు నేర్చింది. ఇప్పుడు హార్లోకి దుబాసీ.

సముద్రంలో వేసిన అలివి వలను ఒడ్డుకు లాగుతున్నారు. నడుముకు జారుముడితో వల తాడు బిగించుకుని వెనక్కి నడుస్తూ లాగాలి. చివరికి చేరినవాడు విప్పుకుని, మళ్లీ నీటి దగ్గరికి పోయి తాడు అందుకోవాలి.

"బలంతో ఈ రోజు అణచగలం," అన్నాడు హార్లో, వల చుట్టూ చేరిన జనంతో. "రేపు మళ్లీ అణచాలి. ఎల్లుండి మళ్లీ. అలా పట్టుకున్నది మనదెలా అవుతుంది?"

సెలీనా తెలుగులో చెప్పింది.

"మా తాతల్ని తన్నినప్పుడు ఏటైపోనాదో ఈ బుద్ది, అడుగే!" అంది తాడు లాగుతున్న బుల్లమ్మ. జనం గొల్లుమన్నారు.

సెలీనా కూడా నవ్వింది. చూపు మాత్రం హార్లో వెనక్కి జారింది. అనూరాధ అటు చూసింది. తాడు చివర ఒకడు. అక్కడికి చేరిన తక్కినవాళ్లంతా విప్పుకుని నీటి దగ్గరికి తిరిగి పోతున్నారు. వాడు కదలడం లేదు. నడుము తాడు విప్పలేదు. చెయ్యి లుంగీ మడతలోకి పోతోంది.

అనూరాధ తుపాకి తీస్తే మధ్యలో జనం.

"తాడొగ్గీయండి మావా! అందరూ ఒగ్గీయండి!" అని అరిచింది.

జట్టంతా నడుము ముళ్లు జార్చి ఒక్కసారిగా తాడు వదిలేసింది. కెరటం వలను గుంజింది, వల తాడును గుంజింది, తాడు వాణ్ని. వాడు పేల్చిన గుండు ఆకాశంలోకి పోయింది. ఇసకలో బొక్కబోర్లా పడి నీటివైపు జారిపోతున్న వాడి మెడమీద జట్టులోని అసిరయ్య మోకాలు పెట్టాడు.

వాడున్న చోటు ముందే తెలిసినట్టు చూసిన సెలీనాకు అనూరాధ బేడీలు వేసింది. "సాయంత్రమని అబద్ధం ఎందుకు చెప్పావ్?"

"మా అన్నని వీళ్ల సైన్యం కాల్చింది," సెలీనా హార్లో వైపు తిరిగి ఇంగ్లీషులో అరిచింది. "నీ దయ మాకక్కర్లేదు!"

"దయ కాదు." హార్లో ఆమెకు ఎదురుగా వచ్చాడు. "మా తుపాకికి నువ్వు లొంగలేదు. నీ తుపాకికి నేనూ లొంగను. రేపు సంతకం పెడతాను."



బుల్లమ్మ మళ్లీ లాగిన ఖాళీ వల అంచు ఎత్తి చూపించింది. "సేపలన్నీ ఎలిపోనాయి. కూరకి నీ స్పీచ్చి ఒండుకోమంతావేటి, ముసలోడా?"

"ఏమంటున్నారు?" అడిగాడు హార్లో.

దుబాసీ చేతులకు బేడీలున్నాయి కనుక ఆ పని అనూరాధ మీద పడింది.

"ఆల్ ద బెస్ట్ చెబుతున్నారు సార్."