నీలం అంచు గిన్నె

వంట మేస్త్రి కుర్చీలో కూర్చోలేదు. రెండుసార్లు చెప్పినా వినకుండా, చేతిసంచిని పొట్టకు అదుముకుని గోడ పక్కనే నిలబడ్డాడు. పదవుతున్నా బయట మంచు విడలేదు. అతని నుదుటి మీద మాత్రం చెమట పట్టింది.

"నేనేమీ కలపలేదండీ. ముప్ఫయ్యేళ్ళుగా ఈ చేత్తోనే వండుతున్నాను. నా గరిటె మీద ఒట్టు."

"గరిటె మీద ఒట్టు వేసినవాణ్ణి నిన్ను తప్ప ఎవర్నీ చూడలేదు," అన్నాడు డిటెక్టివ్. "కూర్చుని మొదటినుంచీ చెప్పు."

ఆయన్ని ఆ వీధిలో అందరూ 'సూది' అంటారు. మనిషి సన్నం, చూపు ఇంకా సన్నం, ఎంత ఇరుకు సందులోనైనా దూరతాడు. ఆ పేరు ఆయనకు తెలుసని పక్కనే కూర్చున్న అసిస్టెంటుకు తెలుసు. ఆమె ఒకప్పుడు నర్సు. ఆస్పత్రిలో పదేళ్ళు పనిచేసినా మనుషుల గురించి నేర్చుకోనిది ఈ రెండేళ్ళలో ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నానని ఇంట్లో చెబుతూ ఉంటుంది. ఇప్పుడు నోటు పుస్తకం తెరిచి మేస్త్రి మాటలు రాసుకోవడం మొదలుపెట్టింది.

చలికాలం పెళ్ళి. పెళ్ళికూతురికి ముప్ఫయ్యెనిమిదేళ్ళు. తల్లి లేదు. తండ్రితో ఉంటుంది. పెళ్ళికొడుకు బళ్ళో డ్రాయింగు మాస్టారు. వచ్చేవాళ్ళు చలిలో వణుకుతూ వస్తారు కాబట్టి ముందు వేడివేడి గుమ్మడికాయ సూప్, తర్వాత కాల్చిన దుంపలు, రెండు రకాల రొట్టె, చివర తేనె పోసిన పళ్ళ ముక్కలు అనుకున్నారు. పెళ్ళికి మూడు వారాల ముందు రెండు ఇళ్ళవాళ్ళూ కూర్చుని వంటలు రుచి చూద్దామని మేస్త్రిని ఇంటికి పిలిచారు.

"నలుగురే తిన్నారండీ. పెళ్ళికొడుకు, వాళ్ళమ్మగారు, పెళ్ళికూతురు, ఆ అమ్మాయి మేనత్త. తండ్రిగారు ముట్టుకోలేదు. గంట తిరక్కుండా పెళ్ళికొడుకు తల్లిగారికి వాంతులు. ఆ పెద్దావిడ ప్రాణం మీదికే వచ్చింది. ఇప్పుడు నయమైంది కానీ, నన్ను మూడు రోజులుగా స్టేషన్ చుట్టూ తిప్పుతున్నారు. నాలుగు పెళ్ళిళ్ళవాళ్ళు మమ్మల్ని వదిలెయ్యమని కబురు పెట్టారు. పీకల దాకా మునిగాను బాబుగారూ!"

"మిగతా ముగ్గురికీ?"

"నిక్షేపంలా ఉన్నారు."

"వడ్డించింది ఎవరు?"

"నేనే. ఒకటే కుండ, ఒకటే గరిటె. బల్ల దగ్గరే అందరికీ పోశాను."

సూది కళ్ళు చిట్లించాడు. "బల్ల మీద గుడ్డలూ అవీ ఏమయ్యాయి?"

"నా బట్టలతో కలిపి మూట కట్టి తెచ్చుకున్నాను. ఉతకడానికి తీరికెక్కడిదండీ?"

"ఉతక్కు. ఆ మూట మా అమ్మాయికి ఇవ్వు," అన్నాడు ఆయన, అసిస్టెంటు వైపు తలూపుతూ.

*

ఆ ఇల్లు శుభ్రంగా ఉంది. తలుపు కీళ్ళకు నూనె, కిటికీ అద్దాలకు తళతళ, పుస్తకాల మీద దుమ్ము లేదు. తండ్రి చేతికి అందే దూరంలోనే కళ్ళజోడు, మందుల డబ్బా, ఉన్ని టోపీ. ఈ ఇల్లంతా ఒక్క మనిషి చేతిమీద నడుస్తోందని అసిస్టెంటుకు గడప దాటగానే తెలిసిపోయింది.

పెళ్ళికూతురు భోజనాల బల్ల చూపించింది. వంటగదికీ దానికీ మధ్య ఒక గుమ్మం, తలుపు లేదు.

"మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉందండీ. మా అమ్మ పెట్టింది. ముఖ్యమైన విందులో అందరికంటే పెద్దవారికి నీలం అంచు గిన్నెలో మొదట వడ్డించాలి. పెళ్ళిలో కూడా అలాగే చేద్దామనుకున్నాం. అందుకే ఆ రోజు కాబోయే అత్తగారికి అందులోనే పెట్టాం."

"ఆ సంగతి ముందే ఎవరెవరికి తెలుసు?"

"ఇంట్లోవాళ్ళందరికీ. ఎవరికి దేనిలో వడ్డించాలో వారం ముందే కాగితం మీద రాసి గోడకు అంటించాను."

"గిన్నె బీరువాలోంచి తీసింది?"

"నేనే. పదింటికి కడిగి, తడిగానే బల్ల మీద పెట్టాను. దుమ్ము పడకుండా మా మేనత్త పైన మేస్త్రి తెచ్చిన గుడ్డ కప్పింది."

మేనత్త పక్క వీధిలో ఉంటుంది. భర్త పోయాక ఐదేళ్ళ క్రితం ఈ ఊరు వచ్చింది. నోట్లో మాట నిలవదు. "కప్పాను, అయితే? అన్నయ్య అక్కడే పేపరు చదువుకుంటున్నాడు, అడగండి. ఈ డ్రాయింగు మాస్టారి సంబంధం నాకు నచ్చలేదన్న మాట నిజం. ముఖాన్నే చెప్పాను. సూప్ మాత్రం రెండుసార్లు పోయించుకున్నాను. అంత కమ్మగా ఉంది!"

"ఇంతకు ముందు ఈ అమ్మాయికి సంబంధాలు రాలేదా?"

"అదిగో, సూది కోసం సోదికెళ్తే పాత గుట్టు బయటపడ్డట్టు, ఇప్పుడవన్నీ ఎందుకండీ?"

"ఆ సూదిని నేనేనండీ," అన్నాడు ఆయన నవ్వుతూ. "గుట్టు మీరు చెప్పండి."

మేనత్త గొంతు తగ్గించింది. తొమ్మిదేళ్ళ క్రితం ఒక మంచి సంబంధం కుదిరింది. పెళ్ళివాళ్ళు భోజనానికి వచ్చారు. వంటంతా పిల్లే చేసింది. తిన్న కాసేపటికి పెళ్ళికొడుకు తండ్రి వాంతులతో పడిపోయాడు. ఇల్లు అచ్చిరాలేదని వాళ్ళు తప్పుకున్నారు. "నేనప్పుడు మా ఆయన ఊళ్ళో ఉన్నాను. ఉత్తరంలోనే తెలిసింది. అప్పట్నుంచీ ఇది బయటివాళ్ళ కోసం పొయ్యి ముట్టించలేదు. నా చెయ్యి మంచిది కాదత్తా అంటుంది. ఈ మేస్త్రిని పెట్టిందీ అందుకే."

తండ్రి వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముప్ఫయ్యేళ్ళు మందుల షాపు నడిపిన మనిషి. వారం రోజులుగా జలుబు. మాట ముక్కులో మూలుగుతోంది. రుమాలు చేతిని వదలడం లేదు.

"మీరెందుకు తినలేదండీ?"

"వాసన తేడా కొట్టింది. గిన్నె ముక్కు దగ్గరికి తేగానే ఏదో మందు వాసన. అప్పుడే అనుకున్నాను, ఈ మేస్త్రి శుభ్రం లేని మనిషని. తినకండి అనే లోపే వియ్యపురాలు సగం తాగేసింది."

"ఎవరికైనా చెప్పారా?"

"అతిథుల ముందు ఎలా చెప్పను?"

ఆయన మాట్లాడుతుండగానే వంటగదిలో పాలు పొంగి మాడిన కంపు గదంతా నిండింది. అసిస్టెంటు ముక్కు మూసుకుంది. మేనత్త "అయ్యో పాలు!" అని కేకేసింది. పెళ్ళికూతురు పరుగెత్తింది. తండ్రి మాత్రం కదలకుండా, "ఏమైంది? ఎందుకా పరుగు?" అని అడిగాడు.

సూది నమస్కారం చేసి లేచాడు.

*

మర్నాడు అసిస్టెంటు తన పాత ఆస్పత్రి ల్యాబుకు మూట తీసుకువెళ్ళి, సాయంత్రానికి కాగితం తెచ్చింది. నీలం అంచు గిన్నె మీద కప్పిన గుడ్డ లోపలి వైపు తెల్లటి పొడి అంటుకుని ఉంది. వాంతి చేయించడానికి పూర్వం మందుల షాపుల్లో అమ్మిన మందు అది. రుచి లేదు, వాసన లేదు. పెద్దావిడ కడుపులో దొరికిందీ అదే.

"అంటే మందు నీలం అంచు గిన్నెలో ముందే ఉందండీ! మేస్త్రి పోసింది మంచి సూపే!" అంది ఆమె సంబరంగా.

"అవును," అన్నాడు సూది. ఆయన ముఖంలో సంబరం లేదు. "రేపు మధ్యాహ్నం అందరినీ ఆ బల్ల దగ్గరకే రమ్మను."

*

అందరూ వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి శాలువా కప్పుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంది. మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సూది ల్యాబు కాగితం బల్ల మీద పెట్టి, అందులో ఏముందో చెప్పాడు.

"అదే కుండలోంచి పోసిన సూప్ మిగతా ముగ్గురూ తాగారు. ముగ్గురూ బాగున్నారు. కాబట్టి మేస్త్రి తప్పు లేదు. తడిగా ఉన్న నీలం అంచు గిన్నెలో ఎవరో పొడి చల్లారు. తెల్ల పింగాణీ మీద తెల్ల పొడి కనబడదు. ఆ గిన్నె దగ్గర ఉన్నది ముగ్గురే. కడిగి పెట్టిన అమ్మాయి, గుడ్డ కప్పిన మేనత్త, పేపరు చదువుకుంటున్న తండ్రి."

"నన్నంటారేమిటి!" అని మేనత్త లేవబోయింది.

"మిమ్మల్ని అనడం లేదు, కూర్చోండి. అమ్మాయికి ఈ పెళ్ళి ఇష్టం లేకపోతే ఒక్క మాటతో పోయేది. మందు అక్కర్లేదు." ఆయన తండ్రి వైపు తిరిగాడు. "మీకు మందు వాసన వచ్చిందన్నారు. ఈ మందుకు వాసన లేదు. ఉందే అనుకుందాం, అది ఉన్నది వియ్యపురాలి గిన్నెలో. మీ గిన్నెలో పోసింది అందరూ తాగిన సూపే. మరి మీరేం వాసన చూశారు?"

తండ్రి రుమాలు నలిపాడు. "ఏదో వచ్చింది. చెప్పలేను."

"మొన్న పాలు మాడితే ఇంట్లో అందరికీ కంపు కొట్టింది. మీకు తెలియలేదు. వారం రోజులుగా మీ ముక్కు పనిచెయ్యడం లేదు. ఒక పేదవాడి కుండ మీదకు నేరం తొయ్యడానికి ఆ వాసన పుట్టించారు."

సూది బల్ల మీది కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, పెళ్ళికూతురి వైపు తిరిగాడు. ఈ ప్రశ్న అడగడం ఆయనకు ఇష్టం లేదని అసిస్టెంటుకు అర్థమైంది.

"అమ్మా, తొమ్మిదేళ్ళ క్రితం ఆ పెద్దాయనకు దేనిలో వడ్డించావు?"

పెళ్ళికూతురు పెదవులు కదిలాయి.

"నీలం అంచు గిన్నెలో."

"అప్పుడు మీ అత్త ఈ ఊళ్ళో లేదు. మేస్త్రి లేడు. నువ్వు వంటగదిలో ఉన్నావు. బల్ల దగ్గర ఎవరున్నారు?"

ఆమె లేచి, బల్ల చుట్టూ తిరిగి, తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"నాన్నా, నా చెయ్యి మంచిది కాదని నేనేడిస్తే, నా తల నిమిరారు. గుర్తుందా? పోనీలేమ్మా, అందరికీ చేతి చలవ ఉండదు అన్నారు."

"నీకేం తక్కువ చేశాను?" అన్నాడు ముసలాయన. "చచ్చే మందేమీ కాదది. రెండు వాంతులయితే పోతుందనుకున్నాను. ఆవిడ ఇంత నీరసంగా ఉందని నాకేం తెలుసు? నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారు? నాకు దీపం ఎవరు పెడతారు, మందెవరు ఇస్తారు?"

"ఉండమని ఒక్కసారి అడగలేదేం?"

"అడిగితే ఉంటావా?"

"ఉండేదాన్ని నాన్నా," అంది ఆమె. "అప్పుడైతే ఉండిపోయేదాన్ని."

మేనత్త కొంగు నోట్లో కుక్కుకుంది. పెళ్ళికొడుకు తల్లి మెల్లగా లేచి, కొడుకు భుజం ఆసరా చేసుకుంది. "కేసు నేను పెట్టను. ఈ మేస్త్రి మీద పెట్టింది మాత్రం ఇవాళే తీయించండి. అమ్మాయ్, నువ్వు నీ బట్టలు సర్దుకో. మా ఇంటికి రా. పెళ్ళి సంగతి తర్వాత చూద్దాం. ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా నేను ముట్టను."

పెళ్ళికూతురు అరగంటలో ఒక పెట్టె సర్దుకుని వచ్చింది. వెళ్ళేముందు ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో ఒక కాగితం మీద రాసి మేనత్త చేతికిచ్చింది. తండ్రి పిలిచాడు. ఆమె వెనక్కి చూడలేదు.

*

మేస్త్రి మీద కేసు పోయింది, మాట పోలేదు. చేజారిన నాలుగు పెళ్ళిళ్ళలో ఒక్కటే తిరిగి వచ్చింది. "నిప్పు లేనిదే పొగ రాదంటున్నారండీ," అని ఒకరోజు వచ్చి చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ వారమే పెళ్ళికూతురు ఒక ఉత్తరం తెచ్చి అసిస్టెంటు చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్ళ క్రితం తప్పుకున్నవాళ్ళకు రాసింది. ఆ రోజు తప్పు తన వంటది కాదని వాళ్ళకు తెలిస్తే చాలట.

అసిస్టెంటు బస్సెక్కి వెళ్ళింది. తలుపు తీసింది అప్పటి పెళ్ళికొడుకే. జుట్టు సగం నెరిసింది. లోపల పిల్లలు అరుచుకుంటున్నారు. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉత్తరం చదివి, నాలుగు మడతలు పెట్టాడు.

"మా నాన్న పోయి నాలుగేళ్ళయింది," అన్నాడు. "ఆ అమ్మాయి కావాలనే ఏదో కలిపి పెట్టిందని పోయేదాకా అనేవాడు. మేమూ అలాగే నమ్మాం, ఊరంతా చెప్పాం కూడా. ఇప్పుడెందుకండీ ఇదంతా?" ఉత్తరం ఆమె చేతికే తిరిగి ఇచ్చి తలుపు వేసుకున్నాడు.

పెళ్ళి అనుకున్న రోజునే డ్రాయింగు మాస్టారి ఇంట్లో, ముప్ఫైమంది మధ్య జరిగింది. అసిస్టెంటునూ సూదినీ పిలిచారు. చేతులు కడుక్కునే చోట పెళ్ళికూతురు ఆమెను పక్కకు లాగింది.

"వాళ్ళేమన్నారండీ?"

"చదివారు," అంది అసిస్టెంటు. "పాపం, అనవసరంగా అపార్థం చేసుకున్నాం అన్నారు. నువ్వు చల్లగా ఉండాలన్నారు."

పెళ్ళికూతురు ముఖం విప్పారింది. ఆమె రెండు చేతులూ పట్టుకుని ఒకసారి నొక్కి, భోజనాల బంతి దగ్గరికి పరుగెత్తింది.

తిరిగి వచ్చేటప్పుడు మంచులో పక్కపక్కన నడుస్తూ సూది అడిగాడు. "వాళ్ళు నిజంగా అలా అన్నారా?"

"లేదండీ."

ఆయన వీధి మలుపు దగ్గర ఆగాడు.

"మంచి పని చేశావు," అన్నాడు. "ఆ అమ్మాయి మోయగలిగినంత నిజం ఆ రోజు నేనే చెప్పేశాను."