జమున ఇంట్లో వంగిన కత్తి

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఉపేందర్ చేతికి చిక్కిన వంకర ఏదీ నిలవదు, వాళ్లావిడ మూతి తప్ప. గని వర్క్‌షాపులో ఫిట్టరు కదా. అందుకే మొన్న మధ్యాహ్నం సదయ్య తమ ఇంటి కత్తి పట్టుకుని అతని దగ్గరికి వచ్చాడు. రెండు రోజుల్లో కొడుకు పెళ్లి. ఆనవాయితీగా పెళ్లికొడుకు చేతిలో ఆ కత్తి ఉండాలి, అదీ వంకర లేకుండా. నేను చక్కెర అడగడానికని పోయి అక్కడే కూర్చున్నాను.

బీరువా మీద పడి వంగిందన్నాడు సదయ్య. ఆ ఇంట్లో బీరువా లేదు. గోడ పక్క ఇంటిదాన్ని, నాకు తెలియదా?

కత్తి అతని అన్నయ్యది. అన్న పోయాక గనిలో ఆయన ఉద్యోగం వదిన జమునకు రావాలి. తనకు రాసిమ్మని సదయ్య ఏడాది తిరిగాడు. ఆమె ఒప్పుకోలేదు. నాలుగేళ్ల కింద, క్వార్టర్ల వెనక పాత క్వారీ నీళ్లలో శవమై తేలింది. కాలు జారిందన్నారు. ఉద్యోగం, ఆమె క్వార్టరు రెండూ సదయ్యకు వచ్చాయి. పొట్ట కూడా వచ్చింది.

ఉపేందర్ కత్తిని రెండు చెక్క దిమ్మెల మీద పెట్టి, చెక్క సుత్తితో నెమ్మదిగా కొట్టాడు. ఒక కన్ను మూసి అంచు వెంబడి చూశాడు. లాగిన దారంలా ఉంది. అంతలో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి పైకప్పు రేకులు గడగడలాడాయి. బొగ్గు దుమ్ము వాసన. దాని వెనకే, నిలవ నీళ్ల వాసన...

చూస్తే కత్తి మళ్లీ వంగి ఉంది. మంచం మీద కూర్చున్న సదయ్య వైపు.

ఉపేందర్ మళ్లీ కొట్టాడు. సాపైంది. సదయ్య లేచి తలుపు దగ్గరికి జరిగాడు. మొన కూడా జరిగింది. చప్పుడు లేకుండా... అతని వెంటే.

"కాకా, ఇదేంది గిట్ల?" ఉపేందర్ గొంతు తగ్గించాడు.

"ఆ దినం వదిన తలుపుకు ఈ కత్తే అడ్డం పెట్టింది," సదయ్య గుసగుసలాడాడు. "నేను తలుపే నూకిన. ఆమెను నూకలే. ఎనక తలుపు నుంచి ఉరికింది... ఎంబడి పోయిన. గంతే."

ఆ సంగతి ఎవరూ అడగలేదు.

మొన ఇంకాస్త ముందుకు వంగింది. సదయ్య చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. పొద్దు గూకకముందే క్వారీలో దొరికాడు. మోకాలి లోతు నీళ్లలో, బోర్లా.

పెళ్లి ఆగిపోయింది. కత్తి తనంతట తనే సాపైంది. దాన్ని తీసుకుపోయేందుకు ఎవరూ రాలేదు. ఇదంతా వరుసలో ఇంటింటికీ చెప్పింది నేనే.

ఒక్కటి మాత్రం చెప్పలేదు. నాలుగేళ్ల కింద ఆ రోజు జమున మా గోడ మీద కొట్టింది. "అక్కా" అని మూడుసార్లు పిలిచింది. నేను టీవీ గొంతు పెంచాను.

నిన్న ఉపేందర్ గుమ్మంలో నిలబడి లోపలికి చూశాను. మొన నా వైపు ఉంది. అట్లాగే పెట్టి ఉంటారులే అనుకుని, ఒక అడుగు పక్కకు వేశాను.

వేయకుండా ఉండాల్సింది...